ఉప్పల్ స్టేడియం: పెత్తనం ఎవరిది, ప్రశ్న ఎవరిది?

సంస్థల్లో నీతి గురించి మాట్లాడినప్పుడల్లా మనం పైకుర్చీలో కూర్చున్న మనిషి గుణగణాల దగ్గరే ఆగిపోతాం. మంచివాడొస్తే అంతా బాగుపడుతుందనుకుంటాం. నాచారం పారిశ్రామికవాడకు దగ్గర్లో, ఉప్పల్‌లో ఉన్న క్రికెట్ స్టేడియం చరిత్ర చూస్తే ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

2005 నవంబరులో అక్కడ మొదటి అంతర్జాతీయ వన్డే జరిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ సారథ్యంలో భారత మహిళల జట్టు ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. అప్పటికి ఆడవాళ్ల క్రికెట్ బి.సి.సి.ఐ. గొడుగు కిందికి రానేలేదు. 1973లో ఏర్పడ్డ మహిళా క్రికెట్ సంఘమే దాన్ని మోసుకొచ్చింది. విలీనం జరిగింది 2006లో. అంటే స్త్రీలు ఈ ఇంట్లోకి ఆలస్యంగా అడుగుపెట్టారు. అప్పటికే ఇంటి కట్టుబాట్లన్నీ ఖరారైపోయాయి.

ఏమిటా కట్టుబాట్లు? హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌లో అధికారం ప్రధానంగా ఓటుహక్కున్న క్లబ్బుల నుంచి వస్తుంది. ఒకే మనిషి, ఒకే కుటుంబం చేతిలో నాలుగైదు క్లబ్బులుంటే లెక్క అడగాల్సినవాళ్లూ, చెప్పాల్సినవాళ్లూ ఒకరే అవుతారు. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఈ ముడినే పట్టుకున్నారు. ఒకే చేతుల్లో పలు క్లబ్బులున్నాయన్న కారణంతో 57 క్లబ్బులను ఆ ఏటి ఎన్నికలకు దూరం పెట్టారు.

అయినా ముడి పూర్తిగా వీడలేదు. ఆ అక్టోబరులో గెలిచిన అధ్యక్షుణ్ని 2025 జూలైలో సి.ఐ.డి. అరెస్టు చేసింది. ఒక క్లబ్బు పేరిట తప్పుడు పత్రాలతో పదవికి వచ్చారన్నది అభియోగాల్లో ఒకటి. ఆరోపణ తీర్పు కాదు, నిజమే. కానీ వివాదం మళ్లీ క్లబ్బు దగ్గరికే వచ్చిందని గమనించాలి.

ఈ మధ్యలో, 2024 ఫిబ్రవరిలో, జట్టు బస్సులో మద్యం తాగాడన్న ఆరోపణపై మహిళల జట్టు కోచ్‌ను అసోసియేషన్ సస్పెండ్ చేసింది. అప్పటికే వీడియోలు బయట తిరుగుతున్నాయి. ఆ అభియోగం సంగతి ఎలా ఉన్నా, ఆ బస్సులోని అమ్మాయి స్థానంలో నిలబడి చూడండి. ఆమె ఆట భవిష్యత్తు కోచ్ మాట మీద ఆధారపడి ఉంటుంది. ఆమెకు క్లబ్బు లేదు, ఓటు లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన లోధా కమిటీ సంస్కరణలు తొమ్మిదిమంది అపెక్స్ కౌన్సిల్‌లో ఒక మాజీ క్రీడాకారిణికి చోటు తప్పనిసరి చేశాయి. తొమ్మిదిలో ఒకటి! అదీ పెద్దలు పిలిచి ఇచ్చింది కాదు, కోర్టు ఇప్పించింది. మంచి అధ్యక్షుడి కోసం ఎదురుచూడటం కన్నా ఆ ఒక్క కుర్చీని రెండు చేయమనడం, బస్సులోని అమ్మాయి ఫిర్యాదు నేరుగా అక్కడికి చేరే దారి వేయమనడం మనం చేయగలిగిన పని.