ఉన్నది ఒక్కరికే, అడిగేది పద్నాలుగురు

గూడూరంటే ఇప్పటివాళ్లకి నిమ్మకాయల మార్కెట్టు, రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి. పాతవాళ్లకి అభ్రకం. వాల్వు రేడియోల కాలంలో గాజుబుడ్డి లోపలి భాగాలు కదలకుండా పట్టి ఉంచే పలుచని రేకులు అభ్రకానివే. 1946 నాటి ఎనియాక్ కంప్యూటర్లో వాల్వులు సుమారు 18,000. వాటిల్లో మా వైపు రేకు ఒక్కటైనా ఉందో లేదో ఎవరు చెప్పొచ్చారు గానీ, గది నిండిన ఆ యంత్రం లెక్కల మధ్యలో గుర్తుపెట్టుకోగలిగింది 20 సంఖ్యలే. మెమరీ కరువు కంప్యూటరుతో పాటే పుట్టింది.

1962లో మాంచెస్టర్‌లో అట్లాస్ అనే కంప్యూటర్ ఒక కనికట్టు చేసింది. అసలు మెమరీ 16 వేల పదాలు, పక్కన తిరిగే డ్రమ్ములో 96 వేలు. ప్రోగ్రాముకి మాత్రం రెండూ కలిపి ఒకటే మెమరీలా కనిపించేది. ఐదేళ్లకి ఐబీఎం వాళ్లు ఇంకా తెగించారు. 256 కిలోబైట్ల యంత్రం మీద సీపీ-40 అనే వ్యవస్థ నడిపి, దేనికది విడి కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్లని 14 దాకా పుట్టించారు. ప్రతిదానికీ నీది 256 కిలోబైట్లు అనే చెప్పారు! ఆర్ఏసీ టికెట్టు లాంటి ధైర్యమిది. అందరూ ఒకేసారి కాళ్లు చాపరన్న నమ్మకం మీద నడిచే బండి.

చాపితే ఏమవుతుందో 1968లో పీటర్ డెన్నింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చెప్పాడు. డిస్కుకీ మెమరీకీ మధ్య పేజీలు మోయడమే సరిపోయి, అసలు పని ఆగిపోతుంది. ప్రాసెసరైతే వంతులవారీగా తిప్పొచ్చు. మెమరీ అలా కాదు, ఇచ్చింది వెనక్కి రాబట్టడమే కష్టం. నా దృష్టిలో ఆ తర్వాతి చరిత్రంతా ఈ వసూలు కథే.

మన దగ్గర 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటర్లకెక్కించే కార్డ్ పథకం వచ్చింది. మొదట 214 చోట్ల, ఎక్కడి సర్వరు అక్కడే. దస్తావేజు రాని వేళల్లో ఆ మెమరీ ఖాళీగా కూర్చునేది. అదే ఏడాది కాలిఫోర్నియాలో, ఒకే సర్వరు మీద పలు వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ కంపెనీ పుట్టింది. 2011లో చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలయ్యేసరికి, ఎక్కడికక్కడ సర్వర్లు కాకుండా రాష్ట్ర డేటా సెంటరు వైపు చూపు మళ్లింది.

ఈ మధ్యలో, 2002లో, వీఎంవేర్‌లోని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ రాసిన పేపరు ఒకటుంది. వర్చువల్ మెషీన్ లోపలే ఒక బెలూను ఊదుతారు. అది ఉబ్బేకొద్దీ లోపలి ఆపరేటింగ్ సిస్టమే తనకు అక్కర్లేని పేజీలు ఏరి వదులుతుంది. వాడకుండా అట్టిపెట్టుకున్న మెమరీ మీద పన్ను కూడా వేశాడాయన. ఒకేలా ఉన్న పేజీలకి ఒక్క ప్రతే ఉంచే ఉపాయం కూడా అందులోనిదే. పక్క మెషీన్ రహస్యాలు దాని గుండా లాగొచ్చని తేలాక, 2014లో మెషీన్ల మధ్య ఆ పంపకాన్ని వీఎంవేర్ మామూలుగా ఆపి ఉంచడం మొదలెట్టింది.

ఇంత చదివీ నేను చేసిన పని చెబుతాను. మూడేళ్ల కిందట గూడూరులో ఒక కాలేజీ ల్యాబుకి 64 జీబీ సర్వరు, దాని మీద ఎనిమిది వర్చువల్ మెషీన్లు కావాలన్నారు. తలా ఎనిమిది జీబీ రాశాను. శేషం సున్నా. ఆ సున్నాయే కొంప ముంచింది. అందరికీ సర్దే హోస్టుకి కూడా మెమరీ కావాలి కదా! లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం, మెషీన్ ముట్టుకున్నాకే పేజీ ఇస్తుంది కాబట్టి మధ్యాహ్నం దాకా అంతా సాఫీగానే నడిచింది. ప్రాక్టికల్స్‌లో పిల్లలందరూ ఒకేసారి జావా తెరిచారు. హోస్టుకి ఊపిరాడక, అందరికన్నా లావుగా ఉన్న డేటాబేస్ మెషీన్‌ని చంపేసింది. పరీక్ష ఆగిపోయింది.

ఆ రాత్రి కూర్చుని, అడిగింది కాక నిజంగా వాడుతున్నది కొలిచాను. లైనక్స్ ‘ఫ్రీ’ తక్కువ చూపిస్తే బెదిరిపోకూడదు, ‘అవైలబుల్’ చూడాలి. హోస్టుకి ముందే 6 తీసి పక్కన పెట్టాను. డేటాబేస్‌కి 16, దాని మీద బెలూను వద్దు. ఇచ్చిందంతా తన బఫర్లకి వాడుకునేది అది, లాగితే కుంటుతుంది. పిల్లల ఆరు మెషీన్లకి తలా 4, వెబ్ సర్వరుకి 8. పది మిగిలింది.

ఇంకో 64 జీబీ కొందామనుకునేలోపే, 2025 చివరికల్లా ఏఐ కంపెనీల గిరాకీతో ర్యామ్ ధరలు మండిపోయాయి. ఆ కొనుగోలు కాగితం పక్కకెళ్లింది. మిగిలిన పది జీబీ మీద ఇప్పుడు రెండు డిపార్ట్‌మెంట్లు కన్నేశాయి.