కాపురమున్న ఇంట్లోనే చిత్రశాల: రాజమండ్రిలో ఒక పద్ధతి చరిత్ర

పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాల్లోనూ ఇరవయ్యో శతాబ్ది తొలి పాతికేళ్లలోనూ గోదావరి డెల్టా పట్టణాల్లో రచన, పత్రికా నిర్వహణ, చిత్రలేఖనం వంటి పనులకు విడిగా కట్టిన భవనాలు చాలా అరుదు. ఆ పనులు పెట్టుకున్నవారు కాపురముండే ఇంట్లోనే సావిడినో వసారానో అందుకు కేటాయించుకునేవారు. అక్కడికే మిత్రులూ శిష్యులూ వచ్చి కూర్చునేవారు, ఇంటి ఆడవాళ్లు కూడా ఆ పనిలో ఒక చెయ్యి వేసేవారు. నేడు ప్రదర్శనశాలల్లోనూ స్మారక గృహాల్లోనూ అద్దాల వెనక కనిపించే వస్తువుల్లో చాలా భాగం అలాంటి ఉమ్మడి పనిగదుల్లో రోజూ చేతులు మారినవే. ఆ పద్ధతికి రాజమండ్రి చరిత్రలో రెండు గట్టి ఉదాహరణలున్నాయి: ఒకటి కందుకూరి వీరేశలింగం ఇల్లు, రెండోది దామెర్ల రామారావు చిత్రశాల.

ముందుగా ఇంటి కట్టడాన్ని గమనించాలి. డెల్టాలో కలిగినవారి ఇల్లంటే మండువా లోగిలి, అంటే నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉంచిన చదరపు జాగా, దాని నాలుగు వైపులా పెంకుల కప్పు కింద వసారాలు, వాటి వెనక గదులు. వీధి గుమ్మానికి ఇరుపక్కలా ఉండే అరుగు పొరుగువారికీ దారిన పోయేవారికీ కూడా కూర్చునే చోటు కనుక, లెక్కలు చూడడం, దస్తావేజులు రాయడం, పిల్లలకు చదువు చెప్పడం అక్కడే జరిగేవి. లోపలి గదుల్లో పగలు కూడా చీకటే. మంచి వెలుతురు మండువా చుట్టూనే దొరికేది. నాలుగు నెలల వాన, కాలువల తేమ, చెదపురుగు కలిసి కాగితాన్నీ తాటాకునూ కలపనూ తినేసే ఈ నేలలో దాచదలచిన ప్రతి వస్తువుకూ ఒక చోటు ఏర్పడింది: బట్టలకూ వెండికీ భోషాణం, పాత్రలకూ పనిముట్లకూ అటక, దీపానికీ చిన్న విగ్రహాలకూ గోడ గూడు, ఉత్తరీయానికీ సంచికీ చిలక్కొయ్య. తాటాకు గ్రంథాలను గుడ్డలో మూటగట్టి, మధ్యమధ్య విప్పి నూనె రాసి ఆరబెట్టేవారు. కాగితపు పుస్తకాల మధ్య ఎండిన వేపాకు ఉంచేవారు.

ఇష్టమైన వస్తువులను పోగుచేసి, భద్రపరిచి, పదిమందికి చూపే అలవాటు మ్యూజియాలతో వచ్చిందనుకోవడం సరికాదు. డెల్టాలో సంక్రాంతికి పేర్చే బొమ్మల కొలువు అచ్చంగా అటువంటిదే. మెట్లు మెట్లుగా అమర్చిన బల్లల మీద ఏటికొక కొత్త బొమ్మ చేరాలన్న ఆచారం వల్ల అమ్మమ్మ నాటి కొయ్యబొమ్మలు, తీర్థాల్లో కొన్న మట్టిబొమ్మలు, రేవు పట్టణాల నుంచి వచ్చిన పింగాణీ బొమ్మలు ఒక కుటుంబపు తరాల లెక్కలా నిలిచేవి. దానికి తోడు మూత అతికించిన కాశీ గంగ చెంబు, 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ అచ్చుశాల నుంచి వచ్చిన రంగుల దేవతా పటాలు, తరువాత కాలంలో పెళ్లి ఫొటోలు గోడల మీదికెక్కాయి. ఈ సేకరణ అంతటికీ కర్తలు స్త్రీలే. ఏది ఎవరు తెచ్చారో, ఏ ఏడు చేరిందో గుర్తుపెట్టుకుని చెప్పేదీ వారే. సేకరణను ‘నిర్వహించడం’ అన్న పనికి జీతమూ హోదావూ వచ్చిన తరువాత ఈ సంగతి మరుగున పడింది.

వీరేశలింగం (1848–1919) ఇల్లు పని, కాపురం, ఉద్యమం మూడూ ఒక కప్పు కింద సాగిన చోటు. 1874లో ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ‘వివేకవర్ధని’ పత్రిక ప్రారంభించినప్పుడు దాన్ని మద్రాసులో అచ్చు వేయించవలసి వచ్చింది. గోదావరి మీద రైలు వంతెన రావడానికి ఇంకా పాతికేళ్లు ఉన్న కాలమది. రాతప్రతి పోవాలన్నా, అచ్చయిన కట్ట రావాలన్నా నీటిదారే పెద్ద ఆధారం. అందుకే కొద్దికాలంలోనే మిత్రుల సాయంతో రాజమండ్రిలోనే ముద్రాయంత్రం ఏర్పాటు చేసుకున్నారు. తెలుగు అచ్చు ఆ రోజుల్లో తేలిక పని కాదు. ఇంగ్లీషుకు కొన్ని పదుల అచ్చులు సరిపోతే, తెలుగులో ప్రతి హల్లుకూ గుణింతాలు, వాటి కింద ఒత్తులు ఉండడంవల్ల కొన్ని వందల సీసపు అచ్చులు కావాలి. వాటిని కేసులు అనే గళ్ల పెట్టెల్లో విడివిడిగా వేసి ఉంచితే, కంపోజిటరు ఒక్కొక్కటే ఏరి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్న అక్షరాలను వరుసగా కూర్చేవాడు. ఆ కూర్పుకు సిరా పూసి తీసిన తొలి ప్రతిని, అంటే ప్రూఫును, రచయిత దిద్ది పంపాలి. సంపాదకుడే రచయిత, రచయితే ప్రకాశకుడు అయినచోట ఇల్లు కార్యాలయం కాక తప్పదు.

ఆ కార్యాలయం ఎంతవరకు ‘ఉమ్మడి’దో 1881 డిసెంబరు 11న తేలింది. ఆనాడు ఆ ఇంట్లో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వితంతు వివాహం జరిగింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఆర్థికంగా అండగా నిలిచినా, పట్టణంలో వెలివేతకు జడిసి వంటవారూ నీళ్లు మోసేవారూ దూరమైనప్పుడు గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వంట చేసింది వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ. సంస్కరణోద్యమ చరిత్రలో ఈ సంగతి సాధారణంగా పాతివ్రత్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. నిజానికి అది ఒక సంస్థకు రోజువారీ నిర్వహణ, ఆ పని ఆగితే పెళ్లీ ఆగేది, వాదమూ ఓడేది. 1906లో వీరేశలింగం హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోయడంతో ఇంటి పని సంస్థ పేరు పొందింది. ఆయన పుట్టిన ఇల్లు ప్రస్తుతం స్మారక గృహం.

ఇంటి సేకరణ ఊరి సొత్తుగా మారడం ఆ తరువాత రాజమండ్రిలో వరుసగా కనిపిస్తుంది. నేటి గౌతమీ గ్రంథాలయానికి మూలం వ్యక్తులు నడిపిన గ్రంథాలయాలే. వాటిలో కవి వడ్డాది సుబ్బారాయుడి వసురాయ గ్రంథాలయం ముఖ్యమైనది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో ఇక్కడే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. దానికి ప్రాణంగా నిలిచిన రాళ్లబండి సుబ్బారావు పేరుతోనే పట్టణంలోని పురావస్తు ప్రదర్శనశాల వెలసింది.

చిత్రకళ విషయంలో ఈ పద్ధతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పని మొదలైందీ ఆ ఏడే. 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ఆయన చుట్టూ చేరిన విద్యార్థుల్లో రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఉన్నారు. బొమ్మలు వేయడం, పద్యాలు కట్టడం, పాడడం ఒకే బృందంలో కలిసి సాగడం వల్లనే బాపిరాజు తరువాత కాలంలో నవలాకారుడిగా, చిత్రకారుడిగా రెండు పేర్లూ నిలబెట్టుకున్నారు. కూల్డ్రే ప్రోద్బలంతో 1916లో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. మనిషి శరీరాన్ని ఎదుట పెట్టుకుని కొలతలు తప్పకుండా గీయడం అక్కడి శిక్షణ. కాగితాన్ని నీటితో తడిపి, పలుచని రంగు వేసి, మళ్లీ కడిగి, పొర మీద పొరగా మంచులోంచి తేలినట్టు రూపాన్ని రప్పించే ‘వాష్’ పద్ధతి బెంగాలు చిత్రకారులది. రామారావు ఆ రెంటినీ ఎరిగి, దేన్నీ పూర్తిగా అనుకరించకుండా, గోదావరి సీమ మనుషుల ఒడ్డూపొడుగూ కట్టూబొట్టూ కనిపించే చిత్రాలు వేశారు. ‘పుష్పాలంకరణ’, ‘నందిపూజ’, ‘సిద్ధార్థ రాగోదయం’, ‘ఋష్యశృంగ బంధనం’ ఆ కోవలోవి.

చదువు ముగిశాక పెద్ద నగరంలో నిలదొక్కుకునే అవకాశాన్ని కాదని ఆయన సొంత ఊరికి తిరిగి వచ్చి, మిత్రుడు వరదా వెంకటరత్నం తదితరులతో కలిసి చిత్రకళ నేర్పడం మొదలుపెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టింది ఆయన చేతికిందే. జీతానికి మోడళ్లు దొరకడం నగరంలో మాటే తప్ప రాజమండ్రిలో అది ఊహకందని పని. అందువల్ల ఇంటివాళ్లూ చుట్టుపక్కలవాళ్లే ఆయన బొమ్మల్లోకి వచ్చారు. చిత్రాల్లోని స్త్రీల కొప్పుల్లో, చీర కుచ్చెళ్లలో కనిపించే ఖచ్చితత్వం ఆ సామీప్యం ఇచ్చిందే. వానాకాలంలో తడిపిన కాగితం త్వరగా ఆరదు, ఆరేలోగా రంగు పారిపోతుంది. వెలుతురు కోసం వసారా, తడి ఆరడానికి గాలి వచ్చే చోటు, పిల్లలకు అందని ఎత్తు, ఇవన్నీ ఇంటివారితో సర్దుకుంటేనే దొరుకుతాయి.

ఈ పద్ధతి రాజమండ్రికే పరిమితం కాదు. కలకత్తా జోరాసాంకోలో ఠాగూరుల ఇంటి దక్షిణపు వసారాలో అవనీంద్రనాథుడు, గగనేంద్రనాథుడు, సమరేంద్రనాథుడు అనే ముగ్గురు అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చుని పని చేసేవారు. భారతీయ చిత్రకళలో ఒక శకానికి ఆ వసారాయే పుట్టిల్లు. అయితే వారి వెనక జమీందారీ రాబడి ఉంది. రాజమండ్రి బృందానికి అటువంటి అండ లేదు. అందుకే అక్కడ ఉమ్మడితనం విలాసం కాదు, అవసరం.

1924లో లండన్ సమీపాన వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు రామారావు చిత్రాలు వెళ్లాయి. మరుసటి ఏడు ఫిబ్రవరి 6న మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే ఆయన కన్నుమూశారు. పనిగది జ్ఞాపకాల గదిగా మారింది ఆనాడే. పూర్తయిన చిత్రాలు, పెన్సిలు గీతల పుస్తకాలు, సగంలో ఆగినవి అన్నీ చెల్లాచెదురు కాకుండా కాపాడి, మిత్రుడు మొదలుపెట్టిన బోధనను కొనసాగించినవారు వరదా వెంకటరత్నం. 1963లో తాను మరణించేవరకు ఆయన తన చిత్రాలకన్నా మిత్రుడి చిత్రాలకే ఎక్కువ శ్రమపడ్డారనడం అతిశయోక్తి కాదు. ఆ కృషి ఫలితమే దామెర్ల రామారావు స్మారక చిత్రశాల, చిత్రకళా పాఠశాల. తరువాత అది ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. చిత్రశాలతోపాటు పాఠశాల అన్న మాట కూడా పేరులో నిలవడం గమనించదగ్గది: చూసే చోటూ నేర్చుకునే చోటూ వేరు కావన్న ఇంటి పద్ధతి అందులో మిగిలింది.

మిగలనిది ఉమ్మడితనం. స్మారకానికి ఒక పేరు కావాలి, గోడకు ఒక సంతకం కావాలి. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మల పేర్లు రామారావు జీవితకథలో వాక్యాలుగా తప్ప తమంతట తాము శీర్షికలుగా రాలేదు. వరదా వెంకటరత్నం కూడా చిత్రకారుడన్న సంగతి కన్నా సంరక్షకుడన్న సంగతే లోకానికి తెలుసు. పంచుకుని చేసిన పనిని ఒక్కరి ఘనతగా అమర్చడం ప్రదర్శనశాలల సహజ లోపం, అందులో రాజమండ్రికి మినహాయింపు దొరకలేదు.

ఈ లోపానికి లొంగని జంట ఇదే డెల్టా నుంచి తరువాతి తరంలో వచ్చింది. నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ మద్రాసు చేరాక, రెండు కుటుంబాలూ ఒకే ఇంట కాపురముండి, ఒకరు బొమ్మ వేస్తుంటే మరొకరు రాస్తూ పత్రికలకూ సినిమాలకూ పనిచేశారు. 1967 నాటి తమ తొలి చిత్రం ‘సాక్షి’ని గోదావరి తీరాన పులిదిండిలో తీశారు. 2011లో రమణ, 2014లో బాపు కాలం చేసిన తరువాత కూడా తెలుగు పాఠకుడు ఆ రెండు పేర్లనూ కలిపే పలుకుతాడు, ‘బాపూరమణలు’ అని.