లెగోతో ఓరుగల్లు గోడ

మా అమ్మాయికి సోషల్ ప్రాజెక్టు ఇచ్చారు. "మీకు తెలిసిన ఒక కోట నమూనా తయారు చేయండి" అని. ఇలాంటివన్నీ పిల్లలకిచ్చినట్టే ఇచ్చి తండ్రులకిస్తారని మీకూ తెలుసు కదా. ఇంట్లో ఓ పెద్ద డబ్బాడు లెగో ముక్కలున్నాయి. మేం వరంగల్ వైపు వాళ్లం. ఇంకేం, ఓరుగల్లు కోట కట్టేద్దాం, శనివారం మధ్యాహ్నానికల్లా అయిపోతుంది అనుకున్నాను.

సాఫ్టువేరు వాడి ఎస్టిమేటు కదా, ఎప్పటిలాగే తప్పింది.

ముందు లెక్క వేశాను. లెగో మనిషి బొమ్మ సుమారు నాలుగు సెంటీమీటర్లుంటుంది. వాడిని మామూలు ఎత్తు మనిషి అనుకుంటే, మన నమూనా అసలుదానిలో 42వ వంతు అవుతుంది. ఓరుగల్లు రాతికోట దాదాపు గుండ్రంగా ఉంటుంది, అడ్డంగా కొలిస్తే సుమారు 1.2 కిలోమీటర్లు. చుట్టుకొలత 3.7 కిలోమీటర్ల పైమాటే. 42తో భాగిస్తే 90 మీటర్ల గోడ! ఎత్తు ఆరు మీటర్లే అనుకున్నా 15 వరసలు పేర్చాలి. ఎనిమిది బొడిపెల ముక్కలతో, ఒకే ముక్క మందంతో కడితే 42,000 ముక్కలు కావాలి. మా డబ్బాలో ఉన్నవి 790. అన్నీ పెద్ద ముక్కలే అనుకున్నా కట్టగలిగేది అసలు కోటలో 70 మీటర్ల గోడ. బురుజులు 45 ఉన్నాయని చెబితే మా అమ్మాయి నా వైపు జాలిగా చూసింది.

"నాన్నా, మొత్తం ఎందుకు? కేక్ ముక్క కోసినట్టు ఒక్క ముక్క చూపిద్దాం" అంది. ఎనిమిదేళ్లకి వాళ్ల నాన్న కంటే తెలివి ఎక్కువే.

అలా కోత చూపించాలనుకున్నాకే అసలు సంగతి మొదలైంది. ఎందుకంటే కోతలో గోడ వెనకాల ఏముందో కూడా చూపించాలి. నాకు తెలిసిన బొమ్మ కోటల్లో (1978లో లెగో వాళ్లు తెచ్చిన ఆ ప్రసిద్ధ పసుపు కోట దగ్గర్నుంచి) గోడ అంటే నిట్టనిలువుగా, పల్చగా నిలబడ్డ పలక. వెనకాల ఖాళీ. లెగోలో అది నిలబడుతుంది, ఎందుకంటే ఒక ముక్క బొడిపె ఇంకో ముక్క కడుపులో బిగుసుకుంటుంది. ఓరుగల్లు రాతికోటలో రాళ్ల మధ్య సున్నం లేదు, ఏమీ లేదు. ఒకదాని మీద ఒకటి బరువుతోనే నిలబడ్డాయి. వెనక నుంచి ఆసరా మట్టిది. లోపలివైపు వాలుగా మట్టికట్ట, దాని మీద బారుగా రాతిమెట్లు. సైనికుడు ఏ మెట్ల గది కోసమో వెతుక్కోకుండా ఎక్కడి నుంచైనా పైకి పరిగెత్తొచ్చు. అంటే మనం 'రాతిగోడ' అంటున్నది చాలావరకు రాయి తొడుక్కున్న మట్టి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కి దిగానో ఆ మెట్లు! ఒక్కసారీ ఈ ఆలోచన రాలేదు.

లెగోతో వాలు కట్టి చూశాం. నిలువు గోడకి పట్టే ముక్కల కంటే వాలుకి పట్టేవి నాలుగైదు రెట్లు. డబ్బా ఖాళీ. ఇంకా రాతికోటలోనే ఉన్నాం. దాని చుట్టూ అగడ్త, దానికి బయట సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, అంటే ధూళికోట, దాని ముందు ఇంకో అగడ్త. ఆ బయటి అగడ్త వెడల్పు 45 మీటర్ల దాకా చెబుతారు. నమూనాలో మీటరు దాటింది. డైనింగ్ టేబుల్ చాలలేదు. (హనుమకొండని కూడా కలుపుకుని ఇంకా బయట మరో మట్టికట్ట ఉంది. దాని పేరు ఇంట్లో ఎత్తలేదు.)

సరే, ధూళికోటని మట్టితోనే కడదాం అని బాల్కనీలో తులసి కుండీ మీద కన్నేశాం. "తులసి జోలికొస్తే ఊరుకోను" అని లోపల్నుంచి కేక. ఆమె కూరగాయలకి వెళ్లిన టైములో పని కానిచ్చాం. పాత అట్టపెట్టెలో మట్టి పరిచి, గరిటెతో అగడ్త తవ్వాం. తవ్విన మట్టి ఎక్కడ పోయాలి? పక్కనే పోశాం. ఐదు నిమిషాల్లో చూస్తే పక్కన గోడ తయారుగా ఉంది!

ఇందులో ఆశ్చర్యం ఏముంది అంటారేమో. నాకైతే ఉంది. ఇటుకల డబ్బాతో ఆలోచిస్తే గోడ వేరు, కందకం వేరు. గోడకి సామాను ఎక్కడి నుంచో రావాలి. మట్టితో ఆలోచిస్తే రెండూ ఒకటే పని. గొయ్యి ఎంత లోతయితే గట్టు అంత ఎత్తు. శత్రువు ఎక్కాల్సిన ఎత్తు రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. బండ్ల మీద మోత లేదు.

ఈ పని మనవాళ్లకి కొత్తా అంటే, అస్సలు కాదు. ఓరుగల్లు గోడల పని గణపతిదేవుడి కాలంలో (1199-1262) ఊపందుకుంది, ధూళికోటని రుద్రమదేవి కాలపు పనిగా చెబుతారు. అదే కాలంలో అదే రాజ్యంలో పాకాల, రామప్ప లాంటి చెరువులకి కట్టలు పోశారు. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, తొక్కించి, అలలు కొట్టే వైపు రాయి పేర్చడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. చెరువుకట్ట లోపలి నీళ్లని బయటికి పోనివ్వదు, కోటకట్ట బయటి సైన్యాన్ని లోపలికి రానివ్వదు. రాతికోటనే చూడండి, ఒక వైపు రాయి, వెనక మట్టి వాలు. ఇది నా ఊహే గానీ, ఓరుగల్లు కోట కట్టిన చేతులకి ఆ పని నేర్పింది యుద్ధం కాదు, వ్యవసాయం అనిపిస్తుంది.

ఆ పని గట్టిదేనా? పరీక్ష పెట్టాం. ఒకే ముక్క మందంతో కట్టిన లెగో గోడకి గోళీ విసిరితే రెండో దెబ్బకి ముక్కలై సోఫా కిందకి పోయింది. పొడి మట్టి గట్టుకి విసిరితే గోళీ అందులో కూరుకుపోయింది. మట్టిని తడిపి, అరచేత్తో చరిచి, రెండు రోజులు ఎండనిచ్చి మళ్లీ విసిరాం. ఠంగున వెనక్కొచ్చింది.

మా అమ్మాయి ఎగిరి గంతేసింది. నాకు మాత్రం అమీర్ ఖుస్రో గుర్తొచ్చాడు. అల్లాఉద్దీన్ ఖిల్జీ ఆస్థాన కవి. మాలిక్ కాఫుర్ 1310 మొదట్లో ఓరుగల్లుని ముట్టడించిన సంగతి రాస్తూ ఈ మట్టిగోడ గురించి చెప్పాడు. ఉక్కు బల్లెం కూడా దిగదట, యంత్రాలు విసిరిన రాళ్లు పిల్లలు ఆడుకునే కాయల్లా వెనక్కి ఎగిరొస్తాయట. కవి కాబట్టి కాస్త ఎక్కువ చెప్పాడనుకోండి. కానీ ఓడించిన వాళ్ల కవి, ఎదుటివాడి గోడని పొగిడాడు. పొగిడింది రాతికోటని కాదు, మనం ఇవాళ కారు అద్దంలోంచి కూడా చూడకుండా దాటిపోయే మట్టిగట్టుని.

మరి ఎలా దాటారు? మట్టితోనే. అగడ్తని మట్టితో పూడ్చి, గోడ మీదికి మట్టితోనే బాట పోశారు. తవ్వి కట్టినదాన్ని పూడ్చి గెలిచారు. దాదాపు నెలరోజుల ముట్టడిలో ధూళికోట పడింది. రాతికోట పడలేదు. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు.

ఇక్కడ మా అమ్మాయి వేసిన ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది. తన దగ్గర 11 మంది బొమ్మ మనుషులున్నారు. రాజునీ ఇద్దరు సైనికులనీ రాతికోటలో పెట్టి, మిగతావాళ్లని రెండు గోడల మధ్య పెట్టింది. "నాన్నా, బయటి గోడ పడిపోయి రాజుగారు లోపల ఉంటే, వీళ్లేమయ్యారు?" అంది. మా ఆఫీసులో రెండంచెల రక్షణ అని బొమ్మలు గీసి తెగ సంబరపడుతుంటాం. ఒక అంచె పోయినా ఇంకోటి ఉంటుంది అని. రెండు అంచెల మధ్య మనుషులుంటారని ఆ బొమ్మల్లో ఉండదు. చరిత్రలో కానుకల పట్టిక ఉంది, ఏనుగుల ముచ్చట ఉంది. వీళ్ల గురించి తనకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఆఖరి కథ ఇంకా వేరు. 1321లో ఉలుగ్ ఖాన్ వచ్చి, సుల్తాను చనిపోయాడన్న పుకారుతో సైన్యం చెదిరి వెనక్కి పోయాడు. పీడ విరగడైందనుకుని ప్రతాపరుద్రుడు సంబరాలు చేసి ధాన్యపు కొట్లు తెరిచేశాడని ఒక కథనం. 1323లో వాడే తిరిగొచ్చాడు. నెలల తరబడి ముట్టడి. చివరికి లొంగిపోయింది గోడ కాదు, దాని వెనక ఆకలితో ఉన్న మనుషులు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో నర్మద ఒడ్డున పోయాడని విలస శాసనం చెబుతుంది.

మా నమూనాలో చివరికి రాతి తొడుగు మాత్రం లెగో, మిగతాదంతా మట్టి. కీర్తి తోరణం లేకుండా ఓరుగల్లు ఏంటని మా అమ్మ గొడవ చేస్తే, ఉన్న నాలుగు ముక్కలతో ఒకటి నిలబెట్టాం. స్కూల్లో అందరూ దాన్నే చూశారట. ఆ మట్టి ఎందుకు తెచ్చావని టీచరు అడిగితే, "అదే కోట మేడమ్" అందట మా అమ్మాయి.

మట్టి తిరిగి కుండీలోకి చేరింది. తులసి బాగానే ఉంది. నీళ్లు పోసినప్పుడల్లా ఏదో ఒక ఎర్ర ముక్క బయటపడుతుంటుంది, నాకు చీవాట్లు పడుతుంటాయి.