త్రిశంకు స్వర్గానికి లెక్క కట్టిన కథకుడు

త్రిశంకుని కథ తెలుగువారికి కొత్త కాదు. బొందితో స్వర్గానికి పోవాలని కోరిన రాజును విశ్వామిత్రుడు తపోబలంతో పైకి పంపితే, ఇంద్రుడు కిందికి తోశాడు. పడిపోతున్నవానిని మహర్షి నడిమింట నిలిపాడు. పైకి పోక, కిందికి రాక, ఒక్కచోటనే నిలిచి ఉండటమనే ఊహ మనకు అంత పాతది. ఆ నిలకడ ఏ ఎత్తున సాధ్యమో, దానివల్ల మానవులకు ఒనగూడే ప్రయోజనమేమో లోకానికి విడమరచి చెప్పినవాడు మాత్రం ఒక కథకుడు. ఆయన పేరు ఆర్థర్ సి. క్లార్క్.

క్లార్క్ 1917 డిసెంబరు 16న ఇంగ్లండులోని మైన్‌హెడ్ అనే సముద్రతీరపు ఊరిలో జన్మించాడు. వ్యవసాయ కుటుంబం. పదమూడేళ్ల ప్రాయంలో తండ్రి గతించాడు. సొంతంగా కూర్చుకున్న దూరదర్శినితో చంద్రుని చూసి పటం గీసుకున్న ఆ బాలునికి, బడి చదువు ముగిశాక కళాశాలకు పోయే స్తోమత లేకపోయింది. 1936లో లండను చేరి ప్రభుత్వ కార్యాలయంలో జమాఖర్చుల తనిఖీ ఉద్యోగంలో కుదిరాడు. 1941లో వైమానిక దళంలో చేరి, మంచు కమ్మినవేళ విమానాలను రాడార్ సాయంతో నేలకు దింపే పద్ధతి మీద పనిచేశాడు. యుద్ధం ముగిసిన పిమ్మటనే కింగ్స్ కళాశాలలో చేరి, 1948లో గణిత భౌతికశాస్త్రాలలో ప్రథమశ్రేణి పట్టం పొందాడు.

ఆయన కీర్తికి మూలమైన వ్యాసం ఆ పట్టానికి మూడేళ్ల ముందే వచ్చింది. 1945 అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ అనే పత్రిక దానిని ప్రచురించింది. అందులోని తర్కం బడిపిల్లలకు సైతం బోధపడేటంత తేటగా ఉంటుంది. భూమికి దగ్గరగా తిరిగే వస్తువు గంటన్నరలో ఒక చుట్టు చుట్టివస్తుంది. చాలా దూరాన ఉన్న చంద్రునికి 27 రోజులు పడుతుంది. కనుక ఈ రెండింటి నడుమ, సరిగ్గా ఒక్క రోజులో చుట్టివచ్చే దూరం ఒకటి ఉండి తీరాలి. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఆ కక్ష్య ఉంది. అక్కడ తిరిగేది భూమితో సమంగా తిరుగుతుంది కనుక, కిందనుండి చూసేవారికి కదలక నిలిచినట్లే ఉంటుంది. అటువంటివి మూడింటిని తగిన ఎడంతో నిలిపితే, భూగోళంలో దాదాపు ఏ మూలనుండి ఏ మూలకైనా వార్త పంపవచ్చునన్నాడు క్లార్క్.

ఆ కక్ష్యను ఆయనే మొదట కనిపెట్టాడనడం సరికాదు. హెర్మన్ పొటోచ్నిక్ అనే ఇంజనీరు 1920ల చివరనే దానిని గురించి రాశాడు. దానిని లోకమంతటికీ వార్తావాహకంగా వాడవచ్చునని విస్తరించి చూపడం క్లార్క్ ప్రతిభ. దానికి ఆయన హక్కుపత్రం తీసుకోలేదు. అది తన జీవితకాలంలో ఇంత త్వరగా నెరవేరుతుందని తానే అనుకోలేదు. తీరా 1964లో, పందొమ్మిదేళ్లకే, సిన్‌కామ్ 3 ఆ కక్ష్యలో నిలిచి టోక్యో ఒలింపిక్ క్రీడలను అమెరికాకు చూపింది. చేజారిన ఆ సంపద గురించి ఆయన తరువాత హాస్యంగా ఒక వ్యాసమే రాసుకున్నాడు.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. ఆయన ఊహించిన కేంద్రాలలో మనుషులు కాపురముంటారు. ఆనాటి రేడియో వాల్వులు తరచు మాడిపోయేవి కదా, మార్చడానికి ఎవరో ఒకరు ఉండాలి! ట్రాన్సిస్టర్ 1947లో గాని పుట్టలేదు. అంతటి దూరదృష్టి గలవాడు సైతం పక్కవీధిలో నుండి వస్తున్న మార్పును చూడలేకపోయాడు. జోస్యం చెప్పేవారిని కొలిచేటప్పుడు ఇది గుర్తుంచుకోదగిన విషయం.

1956లో ఆయన సింహళానికి తరలివచ్చి, తుదివరకు అక్కడనే స్థిరపడ్డాడు. రప్పించినది ఆకాశం కాదు, సముద్రం. నీటిలో మునిగి ఈదటం ఆయనకు వ్యసనం. ఆ మునకలలోనే ట్రింకోమలీ వద్ద, పోర్చుగీసువారు కూల్చిన కోణేశ్వరాలయపు శిథిలాలు కంటబడ్డాయి. 1979లో వెలువడిన ‘ది ఫౌంటెన్స్ ఆఫ్ పారడైజ్’ నవలకు సిగిరియా దుర్గమూ, శ్రీపాద శిఖరమూ ఆధారాలు. భూమినుండి అంతరిక్షానికి నిచ్చెన వేసే ఇంజనీరు కథ అది. నిచ్చెన భూమధ్యరేఖ మీదనే నిలవాలి కనుక, కథ కోసం ద్వీపాన్నే దక్షిణానికి జరిపి, తామ్రపర్ణి నుండి వచ్చిందని చెప్పే తాప్రొబేన్ అన్న పేరుతో పిలిచాడు.

లంకలో ఉండి ఆయన రాముణ్ణి తలచుకున్న వైనం మరీ ముచ్చటైనది. 1973 నాటి ‘రాందెవూ విత్ రామా’లో, సుమారు 50 కిలోమీటర్ల పొడవైన స్తూపాకారపు నౌక సూర్యుని వైపు వస్తుంది. గ్రీకు, రోమను దేవతల పేర్లు అయిపోయినందున ఖగోళజ్ఞులు దానికి మన దేవుళ్ల పేర్ల నుండి రామనామం ఎంచుకుంటారు. వచ్చినవారెవరో, ఎందుకు వచ్చారో చివరివరకు తెలియదు. మనిషి కోసం వచ్చిన నౌక కాదది. తన దారిన తాను పోతుంది. స్టాన్లీ కూబ్రిక్‌తో కలిసి ఆయన కూర్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) కంటె నాకు ఈ నవలే గొప్పదనిపిస్తుంది. విశ్వం ముందు మనిషికి ఉండవలసిన అణకువను ఇది కంఠమెత్తకుండా చెబుతుంది.

ఇక మనకు సంబంధించిన ఘట్టం. 1975 ఆగస్టు 1 నుండి ఒక ఏడాదిపాటు, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. ఆ రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ భాషలలో తెలుగు ఒకటి. విక్రమ్ సారాభాయ్ తలపెట్టిన ఈ యజ్ఞాన్ని చూడటానికి ఆయన అప్పటికి లేడు, 1971లోనే కన్నుమూశాడు. కోళ్లగూటి తీగెవలతో చేసిన పళ్లెం వంటి గ్రాహకాలు పల్లెలలో వెలిశాయి. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు ఆ పాఠాలలోని విషయాలు. అప్పుడే మన ఇంజనీర్లు కొలంబో వెళ్లి, క్లార్క్ ఇంటివద్ద అటువంటి గ్రాహకాన్ని అమర్చి వచ్చారు. శ్రీలంకలో టెలివిజన్ ప్రసారాలు 1979లో గాని మొదలుకాలేదు. అంటే ముప్పై ఏళ్ల కిందటి తన ఊహ ఫలించిన తీరును, టెలివిజన్ లేని దేశంలో కూర్చుని, మన పల్లెల కోసం పంపిన బొమ్మలలో ఆయన చూశాడన్నమాట. గురుదక్షిణ ఇంతకన్న అందంగా చెల్లించలేము.

కడపటి సంవత్సరాలు చక్రాల కుర్చీలోనే గడిచాయి. 2008 మార్చి 19న కొలంబోలో కన్నుమూశాడు. తన అంత్యక్రియలలో ఏ మతకర్మలూ వద్దని ముందే రాసి ఉంచాడు.

అన్నీ మన పురాణాలలోనే ఉన్నాయనే వారితో నాకు కలహం లేదు. త్రిశంకుని కన్న వాల్మీకి ఊహాశక్తికి చేతులెత్తి మొక్కుతాను. కాని ఊహ తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఎంత ఎత్తున? మన వేల ఏళ్ల పాఠకులలో ఎవరూ దానిని అడిగినట్లు కనబడదు. పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు పద్యం దగ్గర ఆగిపోక, ఆ ప్రశ్నను కూడా చేర్చి చెబితే వాల్మీకికి వచ్చే లోటేమీ లేదు.