మట్టి కమ్మిన ఆదివారం

1935 ఏప్రిల్ 14. మట్టల ఆదివారం.

తెల్లారేసరికి ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. అలాంటి నీలాన్ని బాయిస్ సిటీ జనం చూసి వారాలైంది. ఆడవాళ్ళు కిటికీలకు బిగించిన తడి దుప్పట్లు ఊడదీశారు. ఇల్లంతా పారలతో మట్టి ఎత్తిపోశారు. తీగల మీద బట్టలు ఆరేశారు. వడ్డించేదాకా కంచాలు బోర్లించే ఉంచడం, పిల్లల ముక్కులకు వాజలైన్ రాసి పడుకోబెట్టడం అలవాటైపోయిన ఇళ్ళవి. ఆ ఒక్క పూట అవేవీ అక్కర్లేదనిపించింది.

అదే రోజు ఒక కుటుంబానికి రెండు అంత్యక్రియలు. పసిపాప ఒకరు, ఆ ఇంటి పెద్దావిడ ఇంకొకరు. కొద్ది గంటల తేడాలో ఇద్దరూ పోయారు. పాపను తీసుకుపోయింది డస్ట్ న్యుమోనియా. గాలిలోని మట్టి ఊపిరితిత్తుల్లో చేరి పట్టే జబ్బు అది. పెద్దావిడ శవపేటిక వెనకాల బంధువుల కార్లు వరసగా ఊరు దాటాయి.

ఓక్లహోమా రాష్ట్రానికి పడమటి కొసన, పెనం కాడలా సాగిన పట్టీకి చిట్టచివర ఉంది బాయిస్ సిటీ ఉన్న సిమరాన్ కౌంటీ. విస్తీర్ణం 1,841 చదరపు మైళ్ళు. కొలరాడో, కాన్సాస్, న్యూ మెక్సికో, టెక్సస్ నాలుగూ దీని పొలిమేరలే. సొంత రాష్ట్రం కాక మరో నాలుగు రాష్ట్రాలు తగిలే కౌంటీ అమెరికాలో ఇదొక్కటే. బానిసత్వాన్ని వదులుకోలేని టెక్సస్ 1850లో ఈ పట్టీనే వదిలేసుకుంది. 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి పైన బానిసలు ఉండకూడదన్నది నాటి నిబంధన. ఆ తర్వాత 40 ఏళ్ళపాటు ఇది ఏ రాష్ట్రానిదీ కాలేదు, ఏ చట్టమూ ఇక్కడ చెల్లలేదు. నో మ్యాన్స్ ల్యాండ్ అని పేరు పడింది.

ఊరు పుట్టింది మోసంలో. 1908లో ఒక కంపెనీ చెట్ల నీడలు, చదునైన వీధులు ఉన్నాయని కరపత్రాలు పంచి ఇళ్ళ స్థలాలు అమ్మింది. బాయిస్ అన్న మాటకు ఫ్రెంచిలో మూలం వెతికితే చెట్లున్న చోటు అని వస్తుంది. కొన్నవాళ్ళు మూటాముల్లె సర్దుకుని వచ్చి చూస్తే చెట్టూ లేదు, వీధీ లేదు. కనుచూపు మేర గడ్డి. కంపెనీ పెద్దలు జైలుకెళ్ళారు. వచ్చినవాళ్ళలో కొందరు మాత్రం ఆ గడ్డిలోనే ఇళ్ళు కట్టుకున్నారు.

ఆ గడ్డే ఆ నేలకు చర్మం. ఎద్దడికి ఎండినా, అడవిదున్నల మందలు తొక్కినా వేరు వదలని గడ్డి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బుషెల్ గోధుమ 2 డాలర్లు పలికింది. ఇక ఆగేదెవరు? ట్రాక్టర్లకు డిస్క్ నాగళ్ళు కట్టి రాత్రింబవళ్ళు దున్నారు. 1930 నాటికి కౌంటీ జనాభా 5,408. 1931లో పంట విరగపండింది, ధర కూలిపోయింది. ఆ వెంటనే వానలు మొహం చాటేశాయి. గడ్డి లేదు, గోధుమా లేదు, ఉన్నదల్లా గాలి. పశువులకు మేత లేక ముళ్ళ కలుపు మొక్కల్ని ఉప్పులో ఊరేసి పెట్టారు. దీనికి ఆకాశాన్ని ఒక్కదాన్నే తిట్టడం నాకు న్యాయంగా తోచదు. వాన కరువు అంతకు ముందూ వచ్చింది, గడ్డి ఉండబట్టి మట్టి కదల్లేదు.

ఆ ఆదివారం సాయంత్రం ముందుగా పక్షులొచ్చాయి. ఉత్తరం నుంచి గుంపులు గుంపులుగా, ఎక్కడా వాలకుండా. ఉన్నట్టుండి చలి కొట్టింది. 5 గంటలు దాటాక దిగంతం నల్లటి గోడలా లేచి కదలడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. అంతిమయాత్ర కార్లు దారి మధ్యలో చిక్కుకున్నాయి. ముఖానికి చెయ్యి ఆనించుకున్నా కనిపించనంత చీకటి. గాలిలో పుట్టిన విద్యుత్తుకు ఇంజన్లు ఆగిపోయేవి. అందుకే ఆ రోజుల్లో కార్ల వెనక నేలకు తగిలేలా గొలుసులు వేలాడగట్టేవారు, ఎదురుపడ్డవాళ్ళు షాక్ కొడుతుందని చేతులు కలిపేవారు కాదు.

ఊరికి కొద్ది మైళ్ళ దూరంలో అదే చీకట్లో ఇరుక్కున్నాడు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి రాబర్ట్ గైగర్. మర్నాటి వార్తలో అతను వాడిన ‘డస్ట్ బౌల్’ అన్న రెండు మాటలే ఆ కరువుకు పేరుగా స్థిరపడ్డాయి. పదమూడు రోజులకు, ఏప్రిల్ 27న, నేలకోతను అరికట్టే చట్టం వచ్చింది. దాని వెనక పట్టు వదలకుండా నిలబడ్డవాడు నేల శాస్త్రవేత్త హ్యూ బెన్నెట్. బీడుపడ్డ పొలాలు కొన్నింటిని ప్రభుత్వమే కొని మళ్ళీ గడ్డి నాటించింది. రీటా బ్లాంకా పేరుతో ఆ పచ్చిక బయళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

వలసపోయినవాళ్ళ కథ లోకమంతా చదివింది. ఆ కథ చెప్పిన స్టైన్‌బెక్ నవలలోని కుటుంబం మాత్రం ఓక్లహోమా తూర్పు వైపుది, ఈ నేలది కాదు. ఈ నేలను వదలనివాళ్ళు ఎందరో. 1940 లెక్కల్లో ఇంకా 3,654 మంది ఉన్నారు. ట్రాక్టర్లు పెద్దవై, కమతాలు కలిసిపోయి, 2020 నాటికి 2,296 అయ్యారు. మన దగ్గర ఓ మోస్తరు పల్లె జనాభా అది.

1936 ఏప్రిల్లో ఇరవయ్యేళ్ళ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ ఆర్థర్ రోత్‌స్టీన్ ఈ కౌంటీలోనే ఒక రైతును, అతని ఇద్దరు కొడుకుల్ని తన కెమెరాలో బంధించాడు. దుమ్ములో కూరుకుపోయిన పాక, సగం పూడిన కంచె గుంజలు. తండ్రి గాలికి ఎదురు వంగి నడుస్తున్నాడు, పెద్దవాడు పక్కనే ఉన్నాడు. చిన్నవాడు నాలుగడుగులు వెనకబడ్డాడు. మోచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, దారి చూడకుండానే, నాన్న వెనకాల వస్తున్నాడు.