కథ విన్నవాడే కథకుడు: ఒగ్గు డోలు నుంచి సెల్‌ఫోన్ దాకా

వ్యాసభారతంలో శశిరేఖ లేదు. బలరాముడికి ఆ పేరుతో కూతురుందని గానీ, ఆమెను అభిమన్యుడికి కట్టబెట్టడానికి ఘటోత్కచుడు మాయలు పన్నాడని గానీ మూలంలో ఎక్కడా రాసి లేదు. అయినా 1936లో ‘శశిరేఖా పరిణయం’ సినిమాగా వచ్చింది. 1957లో ‘మాయాబజార్’ వచ్చేనాటికి ఆ పెళ్ళి నిజంగా జరిగిందనే తెలుగువాళ్ళంతా నమ్ముతున్నారు. మూలకర్త వదిలేసిన ఖాళీల్లో ఆ పాత్రల మీద మమకారం ఉన్నవాళ్ళు కథ అల్లారు. ఈ పనికి ఇప్పటి పేరు ఫ్యాన్ ఫిక్షన్. అలాంటి కథను గొంతుతో చదివి, రికార్డు చేసి పదిమందికి పంచితే అది పాడ్‌ఫిక్.

ఇంగ్లీషు లోకంలో దీని చరిత్ర చిన్నదే. ‘స్టార్ ట్రెక్’ సీరియల్ అభిమానులు 1967లో ‘స్పాకనేలియా’ అనే పత్రిక అచ్చువేసుకుని తమ కథలు తామే రాసుకున్నారు. 2004 ప్రాంతంలో పాడ్‌కాస్ట్‌లు మొదలయ్యాక ఆ రాతలకు గొంతు వచ్చింది. 2009లో ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే వెబ్‌సైటు తెరుచుకున్నాక రాసినవీ చదివినవీ ఒకేచోట దొరకసాగాయి. అంటే అక్కడ ముందు రాత, ఆ తర్వాత గొంతు. కరీంనగర్, ఆదిలాబాద్ సీమల్లో వరుస తలకిందులు. ఇక్కడ గొంతు మొదటినుంచీ ఉంది, రాత మధ్యలో వచ్చింది, యంత్రం చివర చేరింది. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ రెండు సంగతులు మారాయి: కథ నిడివి, కథకుడి ఎదుట కూర్చునే మనిషి. ఆ రెండింటినీ పట్టుకుని వెళితే ఈ చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

పురాణంలో తమ పేరు

తెలంగాణలో కులానికో ఆశ్రిత కళాకారుడు ఉన్నాడు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపిస్తారు. వీళ్ళలో చాలామంది చేర్యాల నకాషీలు గీసిన పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ కథ నడుపుతారు. ఈ కథల్లో శివుడు, విష్ణువు, పాండవులు అందరికీ తెలిసినవాళ్ళే. కానీ కథలో అసలు పాత్ర వినేవాళ్ళ కులం మూలపురుషుడిది. నేత నేసేవాడు తన మగ్గాన్నీ, తోలు పని చేసేవాడు తన ఆదిపురుషుణ్ణీ పురాణంలోకి ఎక్కించుకున్నారు. పెద్ద గ్రంథం తమను పట్టించుకోలేదని అలిగి ఊరుకోలేదు, దాని పాత్రలనే పిలిపించి తమ కథలో నిలబెట్టారు.

ఇళ్ళలో ఆడవాళ్ళు చేసిందీ ఇదే. వాల్మీకి ఊర్మిళను పెళ్ళి పీటల మీద చూపించి, ఆ తర్వాత దాదాపు మరిచిపోయాడు. తెలుగు ఆడవాళ్ళ పాటలు ఆమెను పద్నాలుగేళ్ళు నిద్రపుచ్చి, లేపి, మొగుడితో నాలుగు మాటలు మాట్లాడించాయి. శ్రీపాద గోపాలకృష్ణమూర్తి సంకలనంగా ఆ రామాయణపు పాటలు 1955లో పుస్తకమయ్యాయి. మూడేళ్ళకు బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ వచ్చింది. అప్పటిదాకా దంపుళ్ళ దగ్గరా తొట్టెల దగ్గరా బతికినవి విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టాయి. అయితే పుస్తకంలోకి వచ్చింది మాట ఒక్కటే. వరస పాడినవాళ్ళ గొంతులోనే మిగిలిపోయింది.

ఒగ్గు ఎదుట వంతకాడు

కరీంనగర్ ప్రాంతపు కథా సంప్రదాయంలో అన్నిటికన్నా బలమైనది ఒగ్గుకథ. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. కురుమ, యాదవ కులాల పూజారులు దాన్ని వాయిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. పెద్దపల్లి జిల్లా ఓదెల మల్లన్న దగ్గర, సిద్దిపేట జిల్లా కొమురవెల్లి దగ్గర పట్నాలు వేసి, రంగు పొడుల ముగ్గుల నడుమ దేవుడి పెళ్ళి చేస్తారు. ఒగ్గు, డోలు, తాళాలు, నపీరా ఉంటే చాలు, వేషం కట్టకుండానే ప్రధాన కథకుడు ఒక క్షణం ఎల్లమ్మ, మరుక్షణం జమదగ్ని అవుతాడు. దేవుళ్ళ కథలతో ఆగక సారంగధరుడు, కాంభోజరాజు వంటివాళ్ళ కథలూ ఎత్తుకుంటారు.

ఈ కూర్పులో ఆయువుపట్టు పక్కన నిలబడే వంతకాడు. అతను ‘ఊఁ’ కొడతాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు, కథకుడు కైలాసం గురించి చెబుతుంటే దాన్ని ఊరి చెరువుగట్టు దాకా లాక్కొస్తాడు. కూర్చున్న జనం తరఫున వినేవాడూ, వాళ్ళ తరఫున అనుమానపడేవాడూ అతనే. కథ ఎంతసేపు సాగాలో కూడా ఆ ఇచ్చిపుచ్చుకోవడమే తేలుస్తుంది. జనం కదిలితే ఘట్టం కుదించుకుంటుంది, జనం కళ్ళు తుడుచుకుంటే ఇంకో గంట సాగుతుంది.

ఈ కళకు రాష్ట్రమంతా పేరు తెచ్చినవారిలో మిద్దె రాములు ఒకరు. ఆయనది వేములవాడ దగ్గరి హన్మాజీపేట. జ్ఞానపీఠ గ్రహీత సి. నారాయణరెడ్డి పుట్టిన ఊరు కూడా అదే. ఒకరు పుస్తకాల కవి, ఇంకొకరు డోలు పక్కన కవి. జనగామ వైపు నుంచి చుక్క సత్తయ్య ఇదే కథను సంగీత నాటక అకాడమీ పురస్కారం దాకా తీసుకుపోయారు. ఆ పక్కనే విప్లవ కళాబృందం జననాట్యమండలి ఒగ్గుకథ అచ్చును తీసుకుని భూమి గురించీ దొరల గురించీ చెప్పింది. దేవుడి కథ చెప్పే పద్ధతిలో కూలివాడి కథ కూడా ఇమిడింది.

కిక్రీ, కాగితం

ఆదిలాబాద్ అడవి పల్లెల్లో కథ హక్కు ప్రధాన్‌లది. గోండు సగలకు (గోత్రాల కూటములకు), గోత్రాలకు వాళ్ళు వంశపారంపర్య గాయకులు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారు, కథ మాత్రం గోండిలో పాడతారు, కిక్రీ తీగల మీద. పహండి కుపార్ లింగాల్ కథలో మహాదేవుడు గోండుల పూర్వీకులను గుహలో బంధిస్తే లింగాల్ విడిపిస్తాడు. అందరూ మొక్కే దేవుడు ఇక్కడ ఎదుటి పక్షంలో నిలబడ్డాడు. కొలాంలకు భీముడు భీమయ్యక్ రూపంలో ప్రధాన దైవం. భారతంలో ధర్మరాజు తమ్ముడైన మనిషి ఇక్కడ అడవికి పెద్ద. ప్రసిద్ధ పాత్రను మన గూడెం వైపునుంచి చూస్తే కథ ఎంత మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

1940లలో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి ఈ కథలు సేకరించాడు. అవి 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పుస్తకంలో అచ్చయ్యాయి. మార్లవాయిలో 1943లో మొదలైన గోండు ఉపాధ్యాయుల శిక్షణతో పిల్లలకు గోండి వాచకాలు తయారయ్యాయి. కాగితం లాభమూ నష్టమూ ఇక్కడ ఒకేసారి కనిపిస్తాయి. కథ లండన్ గ్రంథాలయం దాకా వెళ్ళింది, కిక్రీ మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. రాసుకునేవాడి కోసం ఆగి ఆగి చెప్పే కథలో ‘ఊఁ’ ఉండదు.

మూడు నిమిషాలు, ఒక గంట, ఒక రాత్రి

78 చుట్ల గ్రామఫోను పళ్ళెంలో ఒక్కో పక్క మూడు నిమిషాలకు కొంచెం అటూఇటూ పట్టేది. నాటక పద్యానికి అది సరిపోయింది. రాత్రంతా సాగే మల్లన్న కథకు ఆ పళ్ళెంలో చోటు లేదు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ‘రికార్డు’ అనగానే పద్యమో పాటో గుర్తొచ్చేది ఇందుకే.

రేడియో ఆ కొలతను గంటకు పెంచింది. నిజాం రాజ్యపు డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1986లో ఆదిలాబాద్‌కు సొంత కేంద్రం వచ్చి, తెలుగుతో పాటు గోండి కార్యక్రమాలూ ప్రసారం చేసింది. సినిమా హాలుకు వెళ్ళే వీలు లేనివాళ్ళకు ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అనే కార్యక్రమం బొమ్మలేని సినిమా చూపించేది. మాటలూ పాటలూ విని మిగతాది మనసులో కట్టుకోవాలి. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ మాటలు మైకుల్లో వింటూ వింటూ కంఠస్థం చేసి, పెళ్ళి పందిట్లో కర్ణుడిగానో సుయోధనుడిగానో ఒప్పజెప్పిన కుర్రాళ్ళు తెలియకుండానే శబ్దాభిమానులయ్యారు. అయితే రేడియోలో చెప్పేవాడికి వినేవాడు కనిపించడు. సమయానికి ముగించాలన్న గడియారం తప్ప కథకుడికి వేరే తోడు లేదు.

అసలు మార్పు క్యాసెట్‌తో వచ్చింది. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఈ చిన్న పెట్టె 1980లలో చౌకై గుడి ముందు దుకాణాలకు చేరింది. వేములవాడ, కొండగట్టు, కొమురవెల్లి జాతర్లలో బొమ్మలు, గాజులతో పాటు దేవుడి కథల క్యాసెట్లూ అమ్ముడయ్యాయి. 60 నిమిషాల క్యాసెట్‌లో పక్కకు అరగంట. అందుకని రాత్రి కథ భాగాలుగా విడిపోయింది. ప్రతి అరగంటకూ టేపు తిప్పించే చోట కథకుడు ఒక మలుపు పెట్టుకోవలసి వచ్చింది. రికార్డు మీట కొనుక్కున్నవాడి చేతుల్లోకే రావడం ఇంకా పెద్ద సంగతి. పెళ్ళిలో, దినాల నాడు, జాతరలో టేప్ రికార్డర్ పెట్టి తమ ఊరి కథను తామే దాచుకున్నారు. అందులో వంతకాడి ‘ఊఁ’ వినిపిస్తుంది. కుక్క అరుపు, పిల్లల ఏడుపు, ఎవరో టీ అడగడం కూడా వినిపిస్తాయి. స్టూడియో దులిపేసేవన్నీ ఇందులో ఉన్నాయి. ఈ ప్రాంతపు శబ్దచరిత్రకు ఇంతకన్నా నిజమైన పత్రం లేదు.

సీడీ ఆ హద్దునూ చెరిపేసింది. 700 ఎంబీల డిస్కులో మామూలు నాణ్యత గల ఎంపీ3 దాదాపు 12 గంటలు పడుతుంది. తెల్లవారేదాకా సాగే కథ మొదటిసారిగా ఒకే పళ్ళెంలో సరిపోయింది. ఆ తర్వాత ఫోనుతో నిడివి గొడవే లేకుండా పోయింది. 2012లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ మొదలై ఆ ఊరి గంగవ్వ మాటను ప్రపంచమంతా వినిపించింది. 2014లో వచ్చిన ‘ప్రతిలిపి’ వేదిక తెలుగు కథలకూ సీరియళ్ళకూ చదువరులను తెచ్చింది. గోండి వైపు కూడా పని సాగింది. జయధీర్ తిరుమలరావు బృందం నార్నూర్ మండలం గుంజాలలో బయటపెట్టిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ మహాభారతాన్ని గోండిలోకి తెచ్చారు, కొలామీలో కృత్రిమ మేధతో పాట కట్టారు. భీమయ్యక్ కథ విన్న నేలలో భారతం తిరిగి గోండిలో వినిపించింది.

మొదలుపెట్టాలంటే

ఇంత వెనుకటి కథ ఉన్న నేలలో కొత్తగా చెవి, గొంతు కలపాలనుకునే కుర్రకారుకు మొదటి పాఠం వినడమే. ఒగ్గు శిష్యుడు ఏళ్ళ తరబడి తాళం పట్టుకుని గురువు వెనక నిలబడి, ఆ తర్వాత గొంతు విప్పుతాడు. ఒకే ఎల్లమ్మ కథను ముగ్గురు కథకుల నోట వినండి. ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు ఏ ఘట్టం పెంచారు, వంతకాడు ఎక్కడ అడ్డుపడ్డాడు అని గమనిస్తే కథను ఎలా పెంచవచ్చో తెలుస్తుంది.

రికార్డింగుకు పెద్ద ఖర్చు లేదు. పరుపులు, బొంతలు ఉన్న గదిలో ఫ్యాను ఆపి, ఫోనును నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పెట్టాలి. ఎదురుగా పెడితే ప, భ అక్షరాల గాలి మైకుకు తగులుతుంది. ఎవరూ మాట్లాడకుండా పది సెకన్లు ముందుగా గది నిశ్శబ్దం రికార్డు చేసుకుంటే తర్వాత రొద తీసేయడానికి పనికొస్తుంది. అసలు ప్రతి వేవ్ ఫైలుగా దాచి, పంచడానికి ఎంపీ3 చేసుకోవాలి. 2000లో వచ్చిన ‘ఆడాసిటీ’ ఇప్పటికీ ఉచితమే, కత్తిరించడానికీ అతకడానికీ అది చాలు. మొదటి కథ పది నిమిషాలు దాటకపోవడం మేలు.

అనుమతి సంగతి మరవకూడదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు వారసులకు ఉంటుంది. కనుక ఈ కాలపు నవలకు కొనసాగింపు అల్లి వినిపించాలంటే హక్కుదారును అడగడమే దారి. పురాణానికి, జానపద కథకు ఆ అడ్డు లేదు, కానీ వాటిని పాడిన మనిషికి హక్కుంది. 1994 సవరణతో ప్రదర్శకుడి హక్కు చట్టంలోకి వచ్చింది, ఇప్పుడది 50 ఏళ్ళు నిలుస్తుంది. ప్రధాన్ కిక్రీని గానీ ఒగ్గు గొంతును గానీ అడగకుండా పట్టుకుని అమ్ముకోవడం తప్పు. ఎవరి దగ్గర విన్నామో, ఏ ఊళ్ళో, ఏ ఏడాదిలో విన్నామో రికార్డు మొదట్లోనే చెప్పాలి. గురువును తలచుకోకుండా ఒగ్గుకథ మొదలవదు, ఆ పద్ధతి ఫోనుకూ వర్తిస్తుంది.

నిడివి గొడవను యంత్రాలు తీర్చేశాయి, ఎదుటి మనిషిని మాత్రం ఇంకా తిరిగి తేలేదు. అందుకని కొత్తగా రికార్డు చేసేవాళ్ళు ఒంటరిగా చదవకుండా పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ‘ఊఁ’ కొట్టించుకోవాలి. అడ్డు ప్రశ్న వస్తే కత్తిరించకూడదు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. అటక మీది క్యాసెట్లు ఏటా పాడవుతున్నాయి. దించండి. వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేస్తే పొరపాటున కూడా వాటి మీద కొత్త శబ్దం పడదు. టేపును ఒకసారి మొత్తం ముందుకూ వెనక్కూ తిప్పి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి ఎక్కించాలి. గంట టేపుకు గంట పడుతుంది, దగ్గరదారి లేదు. ఆ గంట మొత్తం వింటే కొత్త కథకు కావలసిన సరుకు అక్కడే దొరుకుతుంది.