మెజారిటీ రాకపోతే మేయర్ అభ్యర్థిని ఎవరు ఖరారు చేస్తారు?

సైనిక్‌పురిలో మీరు ఓటేసేది కార్పొరేటర్‌కే. మేయర్‌ను కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు.

2020 డిసెంబర్ జీహెచ్‌ఎంసీ ఎన్నికలే చూడండి. 150 డివిజన్లలో ఏ పార్టీకీ సగం రాలేదు. సైనిక్‌పురి పక్కనున్న నేరేడ్‌మెట్ ఫలితం బ్యాలెట్ ముద్రల వివాదంతో ఆలస్యమైంది. అదీ కలిపి టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, ఎంఐఎంకు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి.

పేరు ఎలా ఖరారైంది?
పదవి జనరల్ మహిళకు రిజర్వ్ అయింది. టీఆర్‌ఎస్ అధినేత కేసీఆర్ పేరును సీల్డ్ కవర్‌లో పంపారు. 2021 ఫిబ్రవరి 11న ఎంఐఎం మద్దతుతో బంజారాహిల్స్ కార్పొరేటర్ గద్వాల విజయలక్ష్మి మేయరయ్యారు.

మీరేం చేయొచ్చు?
ప్రచారానికి వచ్చినవారిని ముందే అడగండి: మీ మేయర్ అభ్యర్థి ఎవరు? మెజారిటీ రాకపోతే ఎవరితో కలుస్తారు?